బావ తెరమీద మాయమైన బాణం

"నీ బాణం మళ్ళీ పోయింది బామ్మర్దీ," అన్నాడు మా బావ ఫోన్లో.

నేనప్పుడు గవర్నర్‌పేటలో నా డీటీపీ షాపులో ఉన్నాను. పెళ్ళికార్డులో పెళ్ళికూతురి పేరు పెళ్ళికొడుకు పేరు కంటే పెద్ద అక్షరాల్లో పడిందని గొడవకొచ్చిన పెళ్ళికొడుకు మేనమామకి, అది పేరులో ఒత్తులు ఎక్కువ ఉండటం వల్ల అలా అనిపిస్తుందని నచ్చచెబుతున్నాను.

"ఎక్కడికి పోతుంది బావా, తెరలోనే ఉంటుంది. వెతుకు," అన్నాను.

"దేంతో వెతకనయ్యా? వెతకడానికి కావాల్సిందే అది."

మా బావంటే మా పెద్దక్క భర్త. మంగళగిరిలో చీరల అంచులకి గ్రాఫులు గీస్తాడు. గ్రాఫంటే గళ్ళ కాగితం. ఒక్కో గడి ఒక్కో పోగు. గడి నింపితే మగ్గం మీద ఆ పోగు లేస్తుంది, వదిలేస్తే పడుకుంటుంది. ఆ కాగితం చూసి అట్టలకి చిల్లులు కొడతారు, ఆ చిల్లుల ప్రకారం మగ్గం నడుస్తుంది. ఒక్క గడి తప్పిందంటే ఆ తప్పు ఒక చోట ఆగదు, కట్టుచెంగు నుంచి పైట కొంగు దాకా అంచు పొడుగునా మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది. ముప్పై ఏళ్ళలో ఆయన గీసిన గ్రాఫు ఒక్కటి తిరిగొచ్చింది లేదు. అంతకు ముందు తనూ నేసినవాడే. మోకాళ్ళు అరిగిపోయి గుంట మగ్గంలోకి దిగడం మానేశాక ఆయనకి మిగిలిన పని ఇదొక్కటే. ఇదీ పోతే వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయే బస్సులు చూడటమే.

కాగితం మీంచి ఆయన్ని కంప్యూటర్ మీదికి మళ్ళించింది నేనే. మా వంశంలో కంప్యూటర్ గురించి తెలిసినవాణ్ణి నేనని అందరికీ ఓ నమ్మకం. ఆ నమ్మకం కలిగించడానికి నేను చాలా కష్టపడ్డాను. ఒకసారి కృష్ణకి వరదొచ్చినప్పుడు కృష్ణలంకలో నా స్నేహితుడి కంప్యూటర్ నాలుగు రోజులు నీళ్ళలో మునిగి ఉందనీ, దాన్ని నేను ఎండబెట్టి ఆన్ చేస్తే తెరమీద అడ్డంగా ఒక చేపపిల్ల ఈదుకుంటూ పోయిందనీ చెప్పాను. అది స్క్రీన్‌సేవర్ అయ్యుంటుంది కదరా అంది అక్క. స్క్రీన్‌సేవర్ అయితే నీచు వాసన రాదు కదా అన్నాను. బావ నవ్వలేదు. "చేప ఏ రకం?" అని అడిగాడు. మా బావ అలాంటివాడు. నమ్మడు, కానీ కథ నడవనిస్తాడు.

ఇంతకీ బాణం సంగతి. కంప్యూటర్లో గ్రాఫు గీయాలంటే మౌసు బాణాన్ని సరిగ్గా ఆ గడి మీదికి తీసుకెళ్ళి నొక్కాలి. మామూలుగా వచ్చే బాణం చీమ కాలంత ఉందన్నాడాయన. సెట్టింగుల్లోకి వెళ్ళి పెద్దది చేశాను. తెల్ల బాణం తెల్ల గళ్ళలో కలిసిపోతోందన్నాడు. నల్లది పెట్టాను. నింపిన గళ్ళ మీదికి వెళ్తే చీకట్లో పిల్లిలా ఉందన్నాడు. దాంతో ఇంటర్నెట్‌లో వెతికి, మనకిష్టమైన రంగులో, మనకిష్టమైన బొమ్మతో కర్సర్ తయారుచేసిచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి దించాను. ఊరికే దొరికింది. ఊరికే వచ్చే వాటితో వచ్చే తద్దినాలన్నీ దాంతో వచ్చాయి.

మొదట దించింది ఇంటర్నెట్ పేజీల్లో మాత్రమే పనిచేసే రకమట. వార్తలు చదువుతుంటే పసుపుపచ్చ బాణం చక్కగా కనిపించేది, గ్రాఫు తెరవగానే పాత చీమకాలు ప్రత్యక్షం. దాన్ని పీకేసి ఇంకోటి వేశాను. అందులో నేను ఎక్కించిన బొమ్మ మరీ పెద్దదయ్యేసరికి బాణం బదులు ఒక తెల్లటి డబ్బా వచ్చి కూర్చుంది. అక్క అటుగా వెళ్తూ చూసి, "ఏవిట్రా ఆ సబ్బుబిళ్ళ?" అంది. బొమ్మని తగ్గించాను. డబ్బా పోయి బాణం వచ్చింది. కానీ బావ బాణం మొనని ఒక గడి మీద పెట్టి నొక్కితే, పైనున్న మూడో గడి నిండేది. నాలుగు రోజులు ఆయన నాకు చెప్పకుండా మూడు గళ్ళు కిందికి గురిపెట్టి పని నడిపించాడు. బొమ్మలో ఏ చుక్క దగ్గర నొక్కుడు పడాలో విడిగా చెప్పాలని నాకు ఐదో రోజున తెలిసింది. అది సరిచేశాక, అలవాటుకొద్దీ ఆయన మళ్ళీ మూడు గళ్ళు కిందికి కొట్టి ఒక వరుస పాడుచేసుకున్నాడు.

"ముందు చెప్పొచ్చు కదా బావా."

"నువ్వు అంత కష్టపడి పెట్టావు, వంకర పెట్టావని ఎలా చెప్పనయ్యా."

నేను షాపులో ఉండగా వచ్చిన ఆ ఫోను నాలుగో రోగం గురించి. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టగానే పసుపు బాణం పోయి పాతది వచ్చేస్తోంది. ఆదివారం వెళ్ళి ఎక్కడో థీముల మూలన ఉన్న ఒక టిక్కు తీసేశాను, అంతే, నిలబడింది. ఆ రోజు అక్క పెసరట్టు ఉప్మా చేసింది. శివరాత్రి వెళ్ళిన కొత్తలు. చలి పోయింది, ఎండ ఇంకా రాలేదు. నేను విజయవాడ బస్సెక్కుతుంటే బావ వీధి చివరిదాకా వచ్చాడు. ఆయన అలా రావడం పండక్కి కూడా లేదు.

ఉగాది వెళ్ళిన వారానికి మళ్ళీ ఫోను.

"ఈసారి కొత్త తమాషా. పక్కలకి బానే ఉంటుంది. నడిమధ్యకొచ్చేసరికి మాయమవుతోంది."

వెళ్ళాను. ఆయన పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. గ్రాఫు తెరిచాడు. గుడి అంచు, అంటే వరసగా గోపురాలు. మౌసు కదిపాడు. పసుపు బాణం ఎడమ నుంచి మధ్యలోకొచ్చింది.

"అదిగో, పోయింది," అన్నాడు.

పోలేదు. నాకు కనిపిస్తూనే ఉంది. పట్టపగటి సూర్యుడిలా ఉంది.

"నాకు కనిపిస్తోందే," అన్నాను.

ఆయన తల తిప్పి నావంక చూశాడు. ఆ చూపులో ఓ చిన్న బెదురు ఉంది. ఆ క్షణాన నోరు మూసుకుని ఆలోచించాల్సినవాణ్ణి. కానీ మా వంశానికి కంప్యూటర్ పెద్దని నేను. తెలీదు అన్న మాట నా నోటికి అలవాటు లేదు. పైగా ఆ బెదురు చూస్తే దాన్ని తీసేయాలనిపించింది, నాకు తెలిసిన వైద్యం ఒక్కటే.

"మానిటర్‌కి నడిమధ్య వేడెక్కువ బావా," అన్నాను. "నాలుగు పక్కలా గాలి తగులుతుంది, మధ్యలో తగలదు కదా. ఈ ఎండలకి అక్కడికొచ్చేసరికి బాణం పలచబడిపోతుంది. కొత్త మానిటర్లన్నిటికీ ఉన్నదే. మా షాపులో కూడా అంతే."

"మరి నీకెలా కనిపిస్తోంది?"

"నేను పక్కనుంచి చూస్తున్నాగా. సూటిగా ఎదురుగా కూర్చున్నవాడికే ఈ ఇబ్బంది."

బావ మెడ కొంచెం పక్కకి వంచాడు. తెరని ఓరగా చూశాడు. ఆయన ముఖం విప్పారింది.

"అవునోయ్. ఓరగా చూస్తే కనిపిస్తోంది."

నేనాడిన అబద్ధానికి అంత తొందరగా సాక్ష్యం దొరకడం నా జన్మలో అదే మొదలు. నాకే ఆశ్చర్యం వేసింది. నిజంగానే వేడేమో అని కూడా అనుమానం వచ్చింది. బస్సులో వస్తూ దారంతా ఆ సిద్ధాంతానికి ఇంకా కొంచెం నగిషీ చెక్కుకున్నాను.

నాలుగో రోజున అక్క ఫోన్ చేసింది.

"ఏం చెప్పావురా మీ బావకి? కంప్యూటర్ గదిలో నీళ్ళు చల్లుతున్నారు."

మగ్గం మీద బతికినవాళ్ళ సంగతి అది. వేసవిలో పడమటి గాలి కొడితే పోగు ఎండిపోయి పుటుక్కున తెగుతుంది. అందుకే మగ్గం గుంట చుట్టూ నేలమీద నీళ్ళు చల్లుతారు, కిటికీలకి తడిపిన గోనెపట్టాలు కడతారు. గదిలో చెమ్మ ఉంటే పోగు చెప్పినమాట వింటుంది. అన్నాళ్ళు నేసిన చెయ్యి ఇంకేం చేస్తుంది? వేడికి బాణం పలచబడుతోందని బామ్మర్ది చెప్పాడు, వేడికి పలచబడే దేనికైనా ఆయనకి తెలిసిన మందు తడి. రెండు గోనెసంచులు తడిపి కిటికీకి కట్టాడు. బల్ల చుట్టూ పూటకి రెండు చెంబులు చల్లాడు. స్విచ్ బోర్డు మీద పడకుండా దానికి ఒక పాలిథిన్ సంచి తొడిగాడట, అదొకటి నయం.

"తగ్గిందా మరి?" అని అడిగాను.

"కొంచెం నయంగా ఉందంటున్నారు. నాకైతే కాలుజారేట్టుంది."

ఆ ముక్క నేను షాపులో వారం పాటు వచ్చినవాడికల్లా చెప్పాను. మానిటర్‌కి వడదెబ్బ తగలకుండా మా బావ మజ్జిగ కూడా పట్టిస్తున్నాడని చివర్న కలిపాను. ఫ్లెక్సీ కోసం వచ్చిన ఒకాయన నవ్వలేక కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళాడు.

అలాగని నేను ఊరికే కూర్చోలేదు. వెళ్ళిన ప్రతి ఆదివారం ఏదో ఒకటి చేసేవాణ్ణి. డిస్‌ప్లే డ్రైవర్ కొత్తది వేశాను. తెర సైజు పెంచి చూపించే సెట్టింగు తగ్గించాను. ఆ సాఫ్ట్‌వేర్‌ని మొత్తం పీకి మళ్ళీ వేశాను. ఇంటర్నెట్‌లో ఎవరో పుణ్యాత్ముడు మౌసుకి తోకలు పెడితే మాయమైన కర్సర్ తిరిగొస్తుందని రాశాడు, అదీ చేశాను. బాణం కదిలితే వెనకాల ఏడెనిమిది బాణాలు బాతుపిల్లల్లా వరసకట్టి వచ్చేవి.

"ఒకటి కనిపించట్లేదంటే ఏడు పెట్టావా?" అన్నాడు బావ.

"ఏడింట్లో ఒకటైనా దొరక్కపోతుందా బావా."

"దొరుకుతోంది. కానీ అందులో అసలుది ఏదో చెప్పు."

ప్రతిసారీ చివరికి మెడ ఓరగా వంచి, "ఆఁ, ఇప్పుడు కొంచెం నయం," అనేవాడు. ఆ మాట నాకోసం అనేవాడని నాకు అప్పుడు తెలీదు. కాదు, తెలుసు. నయం అన్నాడు కదా అని బస్సెక్కేసేవాణ్ణి. రోహిణి ఎండలన్నీ అలా గడిచాయి. గోనెపట్టాలు రెండుసార్లు చీకిపోతే మార్చాడట.

తొలకరి పడ్డాక ఓ రోజు షావుకారు వాళ్ళింటికొచ్చాడు. చుట్టుపక్కల నలభై మగ్గాలకి నూలిచ్చి చీరలు నేయించే మనిషి. చేతిలో చీర ఉంది. నేనూ ఉన్నానప్పుడు. అరుగు మీద చీర పరిచి అంచు చూపించాడు. గోపురాల వరసలో ప్రతి మూడో గోపురానికీ కలశం కింద ఒక పోగు ఎక్కువ లేచింది. నాలాంటివాడికి వేలుపెట్టి చూపిస్తే తప్ప కనపడదు. వాళ్ళకి మాత్రం అది ముఖం మీద కుంకుమబొట్టు పక్కకి జరిగినట్టు.

"మీ గ్రాఫులో తప్పు రావడం ఏవిటండీ?" అన్నాడు షావుకారు. కోపంగా కూడా అనలేదు. "ఒంట్లో బాలేదా?"

"కంప్యూటర్‌తో ఇబ్బందండీ. మా బామ్మర్ది చూస్తున్నాడు."

"చూడండి. ఇంకోటి ఇలా అయితే నేను వేరేవాళ్ళ దగ్గర గీయించుకోవాలి. మగ్గాలు ఆపుకుని కూర్చోలేను కదండీ."

బావ చీర అంచుని ముఖం దగ్గరికి తెచ్చుకుని, ఓరగా తిప్పి, చాలాసేపు చూశాడు. తర్వాత కళ్ళతో చూడటం మానేసి బొటనవేలితో తడిమి చూశాడు. "అవునండీ, ఉంది," అన్నాడు.

మర్నాడే నేను షాపులోంచి నా సొంత మానిటర్ ఊడదీసి, దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వారధి దాటాను. కింద కృష్ణలో కొత్తనీరు ఎర్రగా వస్తోంది. ఆటోవాడు అదేంటని అడిగితే మనవరాలికి ఊయల అని చెప్పాను. చేతిలో పని ఏదైనా నోటి పని నోటిదే. పాత మానిటర్ తీసి నాది పెట్టాను. కేబుల్ కొత్తది. మౌసు కొత్తది. తడి గోనెలు నేనే విప్పి బయట పారేశాను.

బావ కూర్చున్నాడు. బాణం కదిపాడు.

"పోయింది," అన్నాడు.

"ఎక్కడ బావా? ఇదిగో ఉంది."

"ఎక్కడ?"

బాణం మీద నా చూపుడువేలు పెట్టాను. తెర కొంచెం వంగేంత గట్టిగా పెట్టాను. "ఇదిగో. సూటిగా చూడు. నా వేలి కొసన."

ఆయన సూటిగా చూశాడు. నిజంగానే చూశాడు, కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏ వేలు?" అన్నాడు.

వెనకాల గుమ్మంలో అక్క బియ్యం చెరుగుతోంది. చేట ఆగింది.

రెండు రోజుల తర్వాత విజయవాడలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అరగంట కళ్ళలో చుక్కలు వేసుకుని కూర్చున్నాక లోపలికి పిలిచారు. డాక్టరమ్మ మా చిన్నమ్మాయి వయసుంటుంది. ఒక చిన్న అట్టముక్క ఆయన చేతికిచ్చింది. గళ్ళ కాగితం, మధ్యలో ఒక చుక్క. ముప్పై ఏళ్ళు గళ్ళ కాగితంతో బతికినవాడికి పరీక్ష పెట్టడానికి వాళ్ళ దగ్గరున్నదీ గళ్ళ కాగితమే. ఆయన దాన్ని అందుకోగానే ముందు ఓరగా చూస్తూ అంచు మీద గోరు నడిపించి గళ్ళు లెక్కబెట్టాడు.

"ఇరవైకి ఇరవై. చిన్న బుటాకి సరిపోద్ది," అన్నాడు.

ఆవిడ నవ్వింది. "కుడికన్ను మూసుకోండి బాబాయ్‌గారూ. మధ్యలో చుక్క చూడండి."

"ఏ చుక్కమ్మా?"

"కనపడట్లేదా? గీతలెలా ఉన్నాయి?"

"గీతల్లేవు. అంతా మసి."

ఎడమకన్ను మూయించింది. కుడికంటితో కాసేపు చూసి, "ఇది అచ్చేసినవాడెవడో గానీ పోగులు జారిపోయాయమ్మా. పక్కల బానే ఉంది. నడుమకొచ్చేసరికి వంకర్లు తిరిగి, ఓ పిడికెడు మేర నేతే లేదు," అన్నాడు.

నేను వంగి ఆ అట్ట చూశాను. ఎక్కడా వంకర లేదు.

ఎడమకన్ను ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలీదు, ఆయనకే తెలీదు. ఒంటికన్ను మీద నెట్టుకొచ్చాడు. చూపుకి నడిబొడ్డైన చోట రక్తనాళాలు చెడి మచ్చ కట్టిందట. డాక్టరమ్మ స్కాను బొమ్మ చూపిస్తూ అడిగింది, "ఈ కుడికన్ను ఎప్పటినుంచి ఇలా ఉందండీ?"

బావ నావైపు తిరిగాడు. "ఎప్పటినుంచయ్యా? నువ్వు వేడి అని చెప్పినప్పటినుంచేగా. ఉగాది తర్వాత."

"వేడేంటండీ?" అంది ఆవిడ.

నేను స్కాను బొమ్మలోకి తలదూర్చాను.

"అప్పుడే వచ్చుంటే కంట్లో ఇంజెక్షన్లతో ఆపడానికి చూసేవాళ్ళం," అంది. "చాలావరకు ఆగేది. ఇప్పుడు మచ్చ గట్టిపడింది. ఇంజెక్షన్ ఇస్తాను, ఉన్నది కాపాడుకుందాం. పోయింది మాత్రం రాదు."

"బాణం కనిపిస్తుందా అమ్మా?" అని అడిగాడు బావ.

ఆవిడకి అర్థం కాలేదు. నేను చెప్పాను, ఆయన పని ఏమిటో, బాణం అంటే ఏమిటో. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఎక్కడా ఒక్క ముక్క కలపకుండా చెప్పడం అలవాటు లేని గొంతు. ఆవిడ విని, "తిరగడానికి ఇబ్బంది ఉండదు. పక్కచూపు ఉంటుంది. సన్నపని మాత్రం కష్టం," అంది. కష్టం అన్న మాట డాక్టర్లు ఏ అర్థంతో వాడతారో నా వయసువాడికి తెలుసు.

బయటికొచ్చి రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. ఆయన కళ్ళకి నల్లద్దాలు. గ్లాసు ఆయన చేతికందించాను. ఇంక ఆగలేకపోయాను.

"బావా, ఆ వేడి కథ నేను కల్పించింది. మానిటర్‌కి మధ్యలో వేడీ లేదు, పాడూ లేదు. నాకు ఆ రోజు బాణం బ్రహ్మాండంగా కనిపించింది. నీకెందుకు కనపడట్లేదో నాకు తెలీలేదు, తెలీదని చెప్పడం చేతకాక నోటికొచ్చింది చెప్పాను. ఆ రోజే నిన్ను ఇక్కడికి తీసుకొచ్చుంటే ఆగేది."

ఆయన టీ ఊదుకున్నాడు. ఒక గుక్క తాగాడు.

"ఎంత బాగా అల్లుతావయ్యా," అన్నాడు.

"అల్లడం కాదు బావా. నిజం."

"నేను దిగులు పడకుండా తప్పు నీమీద వేసుకుంటున్నావు. నాకు తెలీదా నువ్వు? గీతలు వంకర్లు పోతున్నాయని నాకు సంక్రాంతి ముందునుంచే తెలుసు. నేనే రాలేదు. నీ వేడి ఏం చేస్తుంది దానికి?"

"సంక్రాంతికి కొంచెమే అయ్యుంటుంది. ఉగాదికి..."

"చేపపిల్ల ఈదిందన్నావు చూడు, దానికంటే ఇది బావుంది," అని నా భుజం తట్టాడు. "పద, బస్సొచ్చే వేళైంది."

నా చిన్నప్పటినుంచీ ఆ మనిషికి ఎన్ని చెప్పానో, ప్రతిదీ వినిపించుకున్నాడు, నడవనిచ్చాడు. ఒక్కటి, ఒకే ఒక్కటి నమ్మమని బతిమాలాను. తాడేపల్లి దాటేదాకా రెండుసార్లు చెప్పాను. రెండోసారి బస్సులో పక్కసీటు ఆవిడ కూడా విని, "బావగారి మీద ఎంత ప్రేమో," అంది.

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. నేను బాణం పెంచడం మొదలుపెట్టాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పెద్ద సైజు చాల్లేదు. నేనే బొమ్మలు గీసి ఎక్కించాను. అరచెయ్యంత చేస్తే పక్కచూపుకి అందింది. కానీ అరచెయ్యంత బాణం కింద ముప్పై గళ్ళు మునిగిపోతాయి, ఏ గడి మీద మొన ఉందో దేవుడికి కూడా తెలీదు. మధ్యలో ఖాళీ ఉన్న చక్రంలా చేశాను. చక్రం కనిపిస్తోందన్నాడు, లోపలేముందో కనిపించట్లేదన్నాడు. గ్రాఫునే పెద్దది చేశాను. తెరకి ఆరు గళ్ళు పట్టాయి. ఆరు గళ్ళు చూసి గోపురం గీసేవాడెవడు? గోడకి ముక్కు ఆనించి ఇల్లు ఎలా ఉందో చెప్పమన్నట్టు.

చివరికి మిగిలిన ఉపాయం నేనే. ఆయన చెప్తే నేను మౌసు పట్టుకుని గళ్ళు నింపుతాను. షావుకారు కొత్త అంచు ఒకటి అడిగాడు, గోపురాలదే, ఇంకొంచెం ఎత్తుగా. "మీ చేత్తోనే అయితే ఇంకో మాటు చూస్తాను," అన్నాడట. మూడు వారాలాగి సోమవారం మనిషిని పంపుతానన్నాడు. మూడు ఆదివారాలు కూర్చున్నాం. మొదటి రెండుసార్లు గీసినవి కొట్టేశాం. ఇది మూడోది.

బావ కళ్ళు మూసుకుని చెప్పేవాడు. "కిందనుంచి పదకొండో వరస. ఎడమనుంచి నాలుగు వదులు. మూడు నింపు. ఒకటి వదులు. మళ్ళీ ఐదు." గొంతులో తడబాటు లేదు. ఆ గోపురం మొత్తం ఆయన తలలో ఉంది. కానీ ముప్పై ఏళ్ళుగా ఆయన చెయ్యి ఒక్కో గడి నింపుతుంటే, పక్కనున్న గడినీ కింది వరసనీ కన్ను దానంతటది సరిచూసుకుంటూ వచ్చింది. ఆ సరిచూపు ఇప్పుడు లేదు. నేను ఆ పని చెయ్యాలి, నాకది రాదు. నేను పెళ్ళికార్డులవాణ్ణి. ఎక్కడైనా నేను ఒక గడి జరిపేశానో, ఆయనే ఒక వరస రెండుసార్లు చెప్పాడో. వాన పడుతోంది, మధ్యలో ఒకసారి కరెంటు పోయి వచ్చింది. అక్క రెండుసార్లు అన్నానికి పిలిచింది.

సాయంత్రానికి పై వరసకొచ్చాం. గోపురానికి రెండు వాలులూ పైన కలిసి, ఆ కలిసినచోట కలశం కూర్చోవాలి.

"కలిశాయా?" అన్నాడు.

నేను తెర చూశాను. ఎడమ వాలు ఒక చోటికొచ్చింది, కుడి వాలు ఇంకో చోటికొచ్చింది. మధ్యలో రెండు గళ్ళ ఎడం.

"కలిశాయా అయ్యా?"

ఏదైనా చెప్పొచ్చు. వంద చెప్పొచ్చు. ఈ కాలం గోపురాలు ఇలాగే కడుతున్నారని చెప్పొచ్చు. అమరావతిలో చూసొచ్చానని కూడా చెప్పగలను. చెబితే నడవనిస్తాడు. రేపు షావుకారు మనిషి పట్టుకెళ్తాడు, అట్టలకి చిల్లులు కొడతారు, మగ్గం మీద ఎక్కుతుంది.

"లేదు బావా," అన్నాను. "కలవలేదు. రెండు గళ్ళు ఎడం వచ్చింది."

"ఏ వరసలో తప్పిందో చూడు."

"నాకు తెలీట్లేదు బావా. చూసినా నాకు తెలీదు."

ఈసారి మాత్రం వెంటనే నమ్మాడు. మళ్ళీ అడగలేదు. కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు. వాన చూరు మీంచి కారుతోంది.

"ఆపెయ్," అన్నాడు. "రేపు వచ్చినవాడికి మీ అక్కని చెప్పమంటాను."

మూలనున్న గుర్తు మీద నొక్కాను. గ్రాఫు మూసుకోకుండా మధ్యలో ఒక చిన్న డబ్బా వచ్చింది.

"సేవ్ చెయ్యమంటావా అని అడుగుతోంది బావా."

"వద్దను," అన్నాడు.